హైస్కూల్లో ఒకేషనల్ కోర్సుకి ప్రభుత్వ గ్రాంటు ఎలా వస్తుంది, దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

ఓ మేడమ్ నన్ను అడిగింది క్లుప్తంగా ఇదీ. జడ్పీ హైస్కూలు, ఆరు నుంచి పది దాకా 312 మంది పిల్లలు, తను ఇన్‌ఛార్జి హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయురాలు). తొమ్మిది, పది తరగతులకి ఒకేషనల్ కోర్సు తేవాలని ఉంది. ఎవరో ఒకాయన వచ్చి "సెంట్రల్ గ్రాంటు ఇప్పిస్తాను, ప్రాజెక్టు రిపోర్టుకి ముప్పై వేలు అవుతుంది" అన్నాడట. కంప్యూటర్ కోర్సు పెట్టాలా, కుట్టు పెట్టాలా అన్నది రెండో సందేహం. దాతలు ఎప్పుడో ఇచ్చిన నాలుగు పాత కుట్టుమిషన్ల రిపేరుకి స్కూల్ గ్రాంటు వాడొచ్చా అన్నది మూడోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ముప్పై వేలు ఇవ్వకండి. ప్రభుత్వ బడికి ఒకేషనల్ గ్రాంటు కోసం బయటివాళ్లు రాసే ప్రాజెక్టు రిపోర్టు అంటూ ఏదీ లేదు. స్కూలు నేరుగా ఢిల్లీకి దరఖాస్తు పెట్టే పద్ధతీ లేదు. డబ్బు సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే బడుల పథకం) కింద వస్తుంది, మీ ప్రతిపాదన ఎమ్‌ఈఓ (మండల విద్యాధికారి) ద్వారా జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసుకి వెళ్తుంది, అక్కణ్ణుంచి రాష్ట్ర వార్షిక ప్రణాళికలో చేరుతుంది, ఆ ప్రణాళికని కేంద్ర విద్యాశాఖలోని ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ఆమోదిస్తుంది. ఇందులో ఎక్కడా ఏజెంటు కూర్చునే కుర్చీ లేదు. మీ ఖర్చు ఓ కవరు, నాలుగు జిరాక్సులు, ఆటో ఛార్జీలు.

నేను హెచ్‌ఎంగా రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు మా బడిలో అపెరల్ (కుట్టు, దుస్తుల తయారీ) కోర్సు నడిపాను, అంతకుముందు రెండేళ్లు డిప్యుటేషన్ మీద జిల్లా ఆఫీసులో ప్లానింగ్ ఫైళ్లు చూశాను. అంటే అడిగేవాళ్ల బాధా తెలుసు, ఆ టేబుల్‌కి అవతల కూర్చున్నవాడు ఏ కాగితాన్ని పక్కన పడేస్తాడో కూడా తెలుసు.

కాస్త వెనక సంగతి. బడుల్లో వృత్తి విద్య అనేది కేంద్ర పథకంగా 1988 నుంచీ ఉంది, అప్పుడు ప్లస్ టూ స్థాయిలో. 2013 డిసెంబరులో నైపుణ్యాల జాతీయ చట్రం (అందరం ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అంటాం) నోటిఫై అయ్యాక తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒక్కో తరగతికి ఒక్కో లెవెల్ అని లెక్క పెట్టారు. 2018లో ఎస్‌ఎస్‌ఏ (సర్వ శిక్షా అభియాన్), ఆర్‌ఎంఎస్‌ఏ (హైస్కూళ్ల పథకం), టీచర్ ఎడ్యుకేషన్ మూడూ కలిసి సమగ్ర శిక్ష అయ్యాయి. రెండో విడత 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా అని పెట్టారు. విడత మారినప్పుడల్లా హెడ్ల (ఖర్చు పద్దుల) పేర్లు, మొత్తాలు మారతాయి కాబట్టి అంకెలు మాత్రం ఆ ఏడాది ప్రొసీడింగ్స్‌లోనే చూసుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. రాష్ట్రం తన నలభై కలపడం ఆలస్యమైతే ఆ ఆలస్యమంతా మీ దగ్గరికే వస్తుంది, దాని సంగతి కింద చెప్తాను. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులకి ఈ హెడ్ కింద రూపాయి రాదు, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం అందే) వాళ్లని 2021 విడతలో చేర్చారు. ఇంటర్ ఒకేషనల్ వేరే సంగతి. అది ఇంటర్ బోర్డు వాళ్లది, జూనియర్ కాలేజీల్లో ఉంటుంది. తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకుని మనల్ని అడుగుతుంటారు.

ఇక అసలు పని.

మీ దరఖాస్తు నిజానికి యూడైస్‌లో (బడుల వివరాలన్నీ ఏటా ఎక్కించే ప్రభుత్వ డేటా) ఉంది. జిల్లా ఆఫీసులో బడుల జాబితా తీసేటప్పుడు ఎవరూ మీ కవరింగ్ లెటర్ చదవరు, ముందు యూడైస్ డేటా తెరిచి వడపోస్తారు. సెప్టెంబరు 30 నాటికి తొమ్మిది, పదిలో ఎంతమంది, ఎన్ని గదులు, కరెంటు ఉందా, ఖాళీ గది ఉందా. నేను ప్లానింగ్‌లో ఉండగా ఓ బడి వాళ్లు మూడేళ్లు వరసగా అడిగారు, మూడేళ్లూ రాలేదు. హెచ్‌ఎం గారు మా మీద కోపంతో ఊగిపోతూ వచ్చారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి స్క్రీన్ చూపించాను. వాళ్ల బడిలో రెండు ఖాళీ గదులు ఉన్నాయి, రెండిటికీ పెద్ద రిపేరు అవసరం అని ఎప్పుడో ఎవరో కొట్టేశారు, ఏటా అదే కాపీ అవుతూ వస్తోంది. ఆ గదులకి సున్నం వేసి కిటికీలు పెట్టించి అప్పటికే రెండేళ్లయింది! ఆయన కోపం దిగిపోయింది, మొహం మాత్రం చూడలేకపోయాను. కాబట్టి ఈసారి డేటా ఎంట్రీకి సీఆర్‌పీనో (చుట్టుపక్కల బడులన్నీ చూసుకునే సమగ్ర శిక్ష మనిషి) కంప్యూటర్ తెలిసిన టీచర్‌నో పెట్టినా, గదుల పేజీ, ఒకేషనల్ పేజీ మీరే కూర్చుని చదవండి.

రెండోది డిమాండ్. 2021 నుంచి కోర్సుల సంఖ్యని పిల్లల సంఖ్యతోనూ డిమాండ్‌తోనూ ముడిపెట్టారు. డిమాండ్ అంటే ఏంటి, దాన్ని ఎలా చూపిస్తాం? ఎనిమిది, తొమ్మిది పిల్లలకి తలా ఓ చీటీ ఇచ్చి ఏ కోర్సు కావాలో రాయించి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మనండి. ఆ చీటీలు లెక్కపెట్టి స్కూల్ కమిటీ మీటింగులో తీర్మానం రాసి, ఆ తీర్మానం కాపీ జత చెయ్యండి. నా అనుభవంలో ఈ కాగితం ఉన్న ఫైలు పైన ఉంటుంది, "మా విద్యార్థులు ఎంతో ఆసక్తిగా ఉన్నారు" అని రాసిన ఫైలు కింద ఉంటుంది.

టైము కూడా ముఖ్యమే. జిల్లా ప్రణాళిక సుమారుగా నవంబరు నుంచి జనవరి మధ్యలో తయారవుతుంది, ఢిల్లీ మీటింగులు ఫిబ్రవరి నుంచి మే మధ్యలో జరుగుతుంటాయి. జూన్‌లో బడి తెరిచాక ఉత్సాహంగా ప్రపోజల్ తీసుకెళ్తే అది వచ్చే ఏడాది లెక్కలోకే. దసరా సెలవుల్లోపే కాగితాలు సిద్ధం చేసుకుని, సెలవులు అవ్వగానే ఇచ్చేయండి, ఇచ్చినట్టు కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మంజూరయ్యాక ఆ బోర్డు మీటింగు మినిట్స్ పబ్లిక్‌గానే పెడతారు. రాష్ట్రానికి ఏ హెడ్ కింద ఎంత ఇచ్చారో మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. ఎవరో చెప్పింది నమ్మక్కర్లేదు.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం.

మంజూరు రెండు రకాలు. మిషన్లు, ఫర్నిచర్, గది వగైరా నాన్ రికరింగ్, ఒక్కసారే వస్తుంది. ట్రైనర్ జీతం, ముడి సరుకు, క్షేత్ర పర్యటన, పరీక్ష ఫీజు లాంటివి రికరింగ్, ఏటా రావాలి. అందరి దృష్టీ మొదటి దాని మీదే, ఎందుకంటే రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగడానికి మిషన్ బావుంటుంది, దారపు ఉండతో ఎవరు దిగుతారు? కానీ కోర్సు బతికేదీ చచ్చేదీ రెండోదాని మీద. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది మన వ్యవహారం.

మా బడి సంగతే చెప్తాను. కోర్సు మొదలైన మూడో ఏడు. పది మిషన్లు. ఓ శనివారం స్టాక్ రిజిస్టర్ పట్టుకుని గదిలోకి వెళ్లాను. రిజిస్టర్లో బాబిన్ కేసులు (కింది దారపు కండె పెట్టే డబ్బీలు) పది, చేతికి దొరికినవి నాలుగు. రెండు మిషన్లకి బెల్టు తెగి ఉంది, ఒకదానికి పిల్లలు జనపనార తాడు కట్టి తొక్కుతున్నారు, అది నాలుగు చుట్లు తిరిగి జారిపోతోంది. సూదుల ప్యాకెట్ ఖాళీ. పద్నాలుగు మంది ఆడపిల్లలు మూడు మిషన్ల చుట్టూ నిలబడి ఉన్నారు, ఒకమ్మాయి కుడుతుంటే మిగతావాళ్లు చూస్తున్నారు. ఓ పిల్ల నాతో "సార్, నాకు టర్ను వచ్చేసరికి బెల్లు కొట్టేస్తారు" అంది. ఆ గదిలో లోపించిన సామానంతా కలిపి లెక్కేస్తే పన్నెండు వందలు కాలేదు. లక్షల రూపాయల గది, పన్నెండు వందల దగ్గర ఆగిపోయింది.

ఆ ఏడు ముడి సరుకు డబ్బు ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, ఇంక ఆ పిల్లలు మిషన్ ఎక్కేది ఎప్పుడు? ఖర్చు పెట్టకపోతే మార్చి 31న పోతుంది. గుడ్డ, దారం, బటన్లు, జిప్పులు కొని బీరువాలో పెట్టాను, మరుసటి ఏడాది పిల్లలకి పనికొచ్చాయి. అప్పటిదాకా ఏం చేశామంటే, ఊళ్లో పాత చీరలు, లుంగీలు అడిగి తెచ్చుకున్నాం. మా ట్రైనరమ్మాయి వాటిని ఉతికించి కోసి ప్రాక్టికల్స్ చేయించింది. అప్పటి నుంచి నేను నేర్చుకున్నది ఒకటే, సరుకు ఎప్పుడూ ఒక ఏడాది ముందుది బీరువాలో ఉండాలి. కొన్నది కొన్నట్టు స్టాక్ రిజిస్టర్లో ఎక్కించండి, అంతే. ఆడిట్‌లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

డబ్బు వచ్చే పద్ధతి కూడా మారింది. ఇదివరకు బడి ఖాతాలో పడేది, చెక్కు రాసేవాళ్లం. 2021 జులై నుంచి ఒక్కో కేంద్ర పథకానికి రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే నోడల్ ఖాతా అన్నారు. మీది జీరో బ్యాలెన్స్ ఖాతా, దానికి లిమిట్ మాత్రం ఇస్తారు. పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల వెబ్‌సైట్) ఒక లాగిన్‌తో బిల్లు ఎక్కించాలి, ఇంకో లాగిన్‌తో ఆమోదించాలి, ప్రింట్ తీసి సంతకాలు పెట్టి బ్యాంకులో ఇవ్వాలి. ఇక్కడ చిక్కేంటంటే దుకాణదారుడి బ్యాంకు వివరాలు ముందే వెండర్‌గా రిజిస్టరై ఉండాలి. మండల కేంద్రంలో దారాలు అమ్మేవాడు "నాకెందుకండీ ఈ గోల, క్యాష్ ఇచ్చి పట్టుకుపోండి" అంటాడు. అందుకని డబ్బు రాకముందే, ఆగస్టు సెప్టెంబరుల్లోనే, బట్టల షాపు ఒకటి, మిషన్ల రిపేరు షాపు ఒకటి మాట్లాడుకుని రిజిస్టర్ చేయించి పెట్టుకోండి. మార్చి ఆఖరి వారంలో సర్వర్ మొరాయిస్తుంది, ఆ వారం బీపీ మాత్రలు దగ్గర పెట్టుకోవాల్సిందే.

మిషన్ల గురించి ఒక్క మాట. చాలాసార్లు వీటిని బడి కొనదు, పైస్థాయిలో టెండరు వేసి కొంటారు, ఓ రోజు లారీ వస్తుంది. మాకు లారీ ఆదివారం వచ్చింది. అటెండరు పెట్టెలు దింపించుకుని, డ్రైవరు చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాడు, పాపం అతని తప్పేం లేదు. సోమవారం విప్పితే పది తలలు ఉన్నాయి, మోటార్లు ఎనిమిదే. ఆ రెండు మోటార్ల కోసం సరఫరా చేసినవాళ్లకి ఎన్ని ఉత్తరాలు రాశానో! మీరే సంతకం పెట్టారు కదా అన్నదే జవాబు. పెట్టె విప్పి, నడిపి చూసి, అప్పుడు సంతకం. అంతవరకూ లారీ ఆగితే ఆగనీయండి.

ట్రైనర్ల గురించి రాయడం కొంచెం కష్టంగా ఉంటుంది నాకు. వాళ్లని సాధారణంగా శిక్షణ సంస్థల ద్వారా పెడతారు. జీతం ప్రభుత్వం నుంచి సంస్థకి, సంస్థ నుంచి వాళ్లకి. మధ్యలో ఎక్కడ ఆగినా ఆగిపోయేది వాళ్ల ఇంట్లో పొయ్యే. మా ట్రైనరమ్మాయికి ఓసారి నాలుగు నెలలు జీతం రాలేదు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది, సాయంత్రాలు ఇంటి దగ్గర జాకెట్లు కుట్టి ఆ డబ్బుతో బస్ పాస్ కొనుక్కునేది. నేను చేయగలిగింది చిన్నదే. ప్రతి నెలా ఒకటో తారీఖునే ఆమె హాజరు సర్టిఫికెట్ పంపేసేవాణ్ణి, కాపీ జిల్లా ఆఫీసుకి. సంస్థవాళ్లు "హెచ్‌ఎం నుంచి హాజరు రాలేదు" అనే సాకు వాడకుండా. మీరూ అది చెయ్యండి. ఆమెకి స్టాఫ్‌రూమ్‌లో ఒక కుర్చీ, టైమ్‌టేబుల్లో ఖాయంగా పీరియడ్లు ఇవ్వండి. లెక్కల సార్ సిలబస్ అవలేదని ఒకేషనల్ పీరియడ్ లాక్కోవడం మన బడుల్లో మామూలే, దాన్ని ఆపగలిగేది మీరొక్కరే.

ఏ కోర్సు అన్నదానికి. ఐటీ అంటే తల్లిదండ్రులకి మోజు, నేను కాదనను, రోజువారీ సరుకు ఖర్చు కూడా తక్కువ. కానీ మీ ఊళ్లో మధ్యాహ్నం కరెంటు ఎలా ఉంటుంది, యూపీఎస్ బ్యాటరీలు పోతే ఎవరు మారుస్తారు, ఇదివరకు వచ్చిన కంప్యూటర్లు ఇప్పుడు ఎన్ని ఆన్ అవుతున్నాయి? మూడో ప్రశ్నకి జవాబు మీకే తెలుసు. నేనైతే ఇంకో రకంగా చూస్తాను. బస్సులో అరగంట దూరంలో పిల్లలు వెళ్లి చూసి నేర్చుకునే పని ఏముంది? గార్మెంట్ యూనిట్ ఉంటే అపెరల్, ట్రాక్టర్, బైక్ షెడ్లు ఉంటే ఆటోమోటివ్, నీళ్లున్న బడి స్థలం ఉంటే అగ్రికల్చర్. సూపర్ మార్కెట్టే లేని చోట రిటైల్ పెట్టి పాఠం చదివించడం నేను చూశాను, పిల్లలు బార్‌కోడ్ రీడర్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు. ఏది ఎంచుకున్నా భోపాల్‌లోని పీఎస్‌ఎస్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్ తెరవండి, ఎన్‌సీఈఆర్‌టీ కింద పనిచేసే సంస్థ అది. ఒక్కో జాబ్ రోల్‌కి (కోర్సు నేర్పే పనికి) పాఠ్యపుస్తకం, కరికులం ఉచితంగా ఉంటాయి, కరికులం చివర్లో కావల్సిన సామాను జాబితా ఉంటుంది. ప్రపోజల్‌కి ఆ జాబితా జత చెయ్యండి, షాపువాడి కొటేషన్ కాదు. షాపువాడు తన దగ్గర అమ్ముడుపోనివన్నీ అందులో రాస్తాడు.

కుట్టు కోర్సు తీసుకుంటే ఒక హెచ్చరిక. ఎవరో ఒకరు వచ్చి యూనిఫారాలు మీ పిల్లలతో కుట్టిద్దాం, బడికి డబ్బు వస్తుంది అంటారు. ఒప్పుకోకండి. నేర్చుకోవడానికి నాలుగు దిండు గలీబులు, ఓ సంచి కుట్టడం వేరు, ఆర్డరు తీసుకుని పద్నాలుగేళ్ల పిల్లల చేత పని చేయించడం వేరు.

మీ బడికి ప్రస్తుతం రాదని తేలితే అడగాల్సింది ఇంకోటి ఉంది. హబ్ అండ్ స్పోక్ అని, వర్క్‌షాప్ ఉన్న బడి హబ్, చుట్టుపక్కల బడులు దానికి స్పోక్. స్పోక్ బడి పిల్లల రవాణాకి, పరీక్ష ఖర్చుకి పథకంలో వీలుంది. పక్క ఊళ్లో మోడల్ స్కూల్ లాంటిది ఉంటే దీన్ని అడగండి. అడిగేవాళ్లు తక్కువ, అందుకే వింటారు కూడా.

మిగతా దారులు గబగబా చెప్తాను. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే కేంద్ర పథకం ల్యాబ్) మంచిదే, ఇరవై లక్షల దాకా, అందులో పది లక్షలు ల్యాబ్ పెట్టడానికి, మిగతాది ఐదేళ్ల నిర్వహణకి. ప్రైవేటు బడులూ పెట్టుకోవచ్చు. కానీ 1500 చదరపు అడుగుల చోటు అడుగుతారు, పైగా అది ఒకేషనల్ కోర్సు కాదు, సర్టిఫికెట్ రాదు. పీఎం శ్రీకి (ఎంపిక చేసిన బడుల్ని ఆదర్శ బడులుగా తీర్చే కేంద్ర పథకం) బడే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే పద్ధతి పెట్టారు, దేశం మొత్తానికి 14,500 బడులు, ఎంపికైతే ఒకేషనల్‌కి దారి సులువు. గది కావాలంటే ఎంపీ నిధులు అడగొచ్చు, ఏడాదికి ఒక ఎంపీకి ఐదు కోట్లు, శాశ్వత ఆస్తులకే వాడతారు కాబట్టి గదికి సరిగ్గా సరిపోతుంది, జీతాలకీ దారానికీ కాదు. గనుల ప్రభావిత ప్రాంతమైతే కలెక్టర్ గారి దగ్గర జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంటుంది, విద్య, నైపుణ్యాలు దాని ప్రాధాన్య జాబితాలోనే ఉన్నాయి. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) చట్టంలో కూడా వృత్తి నైపుణ్యాలు పేరు పెట్టి ఉంది. వాళ్లు మిషన్లు ఇస్తామంటారు, మీరు మాత్రం మూడేళ్లకి ముడి సరుకు ఇవ్వండి అని అడగండి. ఒకసారి నేనిలా అడిగితే ఆ కంపెనీ మేనేజర్ విచిత్రంగా చూసి, దారం మీద మా పేరు ఎలా వేస్తామండీ అన్నాడు. చివరికి బీరువా మీద వేసుకుని, సరుకు ఇచ్చారు.

ఇక మీ పాత మిషన్లు నాలుగు. వాడొచ్చు. సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు (మీరడిగిన స్కూల్ గ్రాంటు ఇదే) నిబంధనల్లో పాడైన పరికరాల మార్పు, వాడకం సామాను, ల్యాబ్ ఖర్చులు ఉన్నాయి. 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 75,000, అందులో కనీసం పది శాతం శుభ్రతకి పెట్టాలి. మాకు ఎప్పుడూ ఒకేసారి రాలేదు, రెండు ముక్కలుగా వచ్చేది, మొదటి ముక్కలోనే ఇది కానిచ్చెయ్యండి. ముందు కమిటీ తీర్మానం, తర్వాత మెకానిక్‌ని బడికే పిలిపించి నాలుగు మిషన్లకీ ఏమేం కావాలో కాగితం మీద రాయించుకోండి. బెల్టు, బాబిన్ కేసు, సూదులు, ఆయిల్ అయితే అక్కడే వేయించెయ్యండి. తల లోపల గేర్లు అరిగాయంటే దాని మీద పెట్టకండి, విడిభాగాలకి ఉంచుకోండి. మూడు నడిచినా చాలు. ప్రపోజల్‌తో పాటు నడుస్తున్న మిషన్ల ముందు కూర్చున్న పిల్లల ఫొటో ఒకటి పెట్టండి, జిల్లా ఆఫీసులో ఆ ఫొటో ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో అది ఏడాదేడాదికీ మారుతుంటుంది కాబట్టి రెండు కాపీలు తీయించండి.